ఇత్తడి అంచులు

ఆ వేసవంతా నేను మా అమ్మను కౌగిలించుకోలేదు. అలిగి కాదు, మా మధ్య మాటామాటా వచ్చీ కాదు. నా ప్యాంటు కుడిజేబులో, అరచేతిలో ఇమిడిపోయే రివాల్వర్ ఒకటి ఉండేది. దగ్గరికి తీసుకుంటే అది ఆమె నడుముకు తగులుతుందని నా భయం.

మా కెంటకీ కొండల్లో తుపాకీ దాచుకోవలసిన వస్తువేమీ కాదు. ఇంటింటికీ ఉంటుంది. తలుపు పైన ఒకటి, ట్రక్కులో ఒకటి, ఉడతల వేటకి ఇంకొకటి. మా ఇంట్లోనే లేదు. మా తమ్ముడు లోవెల్, అప్పటికే పోయిన మా నాన్న రివాల్వర్ తీసుకుని కొట్టంలోకి వెళ్ళి ప్రాణం తీసుకున్న తరవాత, అమ్మ ఇంట్లో ఉన్న తుపాకులన్నీ దుప్పట్లో మూటగట్టి పాస్టరుగారి ట్రక్కులో పడేసింది. "నేను బతికుండగా ఈ గడప లోపలికి మళ్ళీ తుపాకీ రాకూడదు" అంది. పెళ్ళికి ముందు ఆమె గురి చూసి మగవాళ్ళు పందేలు కట్టడం మానేశారని నాన్న చెప్పేవాడు. ఆ రోజు నుంచి ఆ ముచ్చట కూడా మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నేను నా మొగుడు రాయ్స్‌ను వదిలేసి అమ్మ దగ్గరికి వచ్చేసిన ఏడాది అది. వాడు నా మణికట్టు విరిచినందుకు, నా దగ్గరికి రాకూడదని కోర్టు కాగితం ఇచ్చింది. వాడు కాగితాన్ని బాగానే గౌరవించాడు. అందులో రాసిన దూరానికి ఒక్క అడుగు ఇవతలికి రాకుండా, రోడ్డుకు అవతల పక్క ట్రక్కు ఆపుకుని కూర్చునేవాడు. ఒకరోజు మాత్రం పెట్రోలు బంకు దగ్గర నా పక్కనుంచి నడిచిపోతూ, వాన పడేలా ఉందని చెబుతున్నంత మామూలుగా అన్నాడు. "ఏదో ఒక రోజు నువ్వు కారెక్కి అద్దంలో చూసుకుంటావ్ జెనీవా. వెనక సీట్లో నేనుంటా."

ఎవరితో చెప్పుకోను? అక్కడ ఇంకెవరూ వినలేదు. నేను ఇళ్ళకు తిరిగి మంచాన పడ్డ ముసలివాళ్ళకు కట్లు మార్చే నర్సును. కారు లేకపోతే నా పని లేదు, కొండ మలుపుల్లో ఫోను అందదు. ఆ రోజు నుంచి కారెక్కే ముందు వెనక సీటు చూసేదాన్ని, ఎక్కాక చూసేదాన్ని, మలుపు తిరిగాక మళ్ళీ చూసేదాన్ని. ఖాళీ సీటును చూసి చూసి మనిషికి పిచ్చెక్కుతుందని అప్పుడే తెలిసింది.

జూన్‌లో మిస్ బర్నిస్ కొట్టుకు వెళ్ళాను. ఆమె కొట్లో ఒక పక్క ఫ్రిజ్ నిండా చేపల ఎరకు వానపాములు, ఇంకో పక్క అద్దాల కింద తుపాకులు. అరవై దాటిన మనిషి. ముగ్గురు మొగుళ్ళను సాగనంపింది, ఇద్దరిని శ్మశానానికీ ఒకణ్ణి ఓహాయోకీ.

"వానపాములా, తుపాకీయా?" అంది తల ఎత్తకుండానే.

"తుపాకీ."

"ఎవరి కోసం?"

"నాకే."

"అది కాదమ్మా నేనడిగేది. ఎవడి కోసం?"

నా కళ్ళు కిటికీ వైపు పోయాయి. ఆమె కిటికీలోంచి రోడ్డుకు అవతల ఆగివున్న ట్రక్కును చూసింది. "ఓహో, అయ్యగారా. వాళ్ళమ్మ మంచిది పాపం. ఎలా కన్నదో" అని అద్దం తలుపు తెరిచింది.

మొదట గులాబీ రంగు పిస్తోలు ఒకటి బయటికొచ్చింది. "ఆడవాళ్ళు కొంటారని దీనికి రంగేశారు. చచ్చేవాడికి రంగెందుకో నాకైతే అర్థం కాదు." దాని పైభాగాన్ని వెనక్కి లాగి వదలాలి. అతికిన మణికట్టుతో నా వల్ల కాలేదు. ఆమె అది చూసి పక్కన పెట్టేసింది. తరవాత మామూలు రివాల్వర్ ఇచ్చి జేబులో పెట్టుకుని నడవమంది. నా నర్సు ప్యాంటు పల్చటిది, నడుముకు నాడా తప్ప ఇంకేమీ లేదు. నాలుగడుగులు వేసేసరికి ప్యాంటు జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను.

"భలే! దీంతో కాల్చక్కర్లేదు. నీ అవతారం చూసి వాడే పారిపోతాడు" అని ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

అప్పుడు అన్నిటికంటే కింది అరలోంచి, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద డబ్బా తీసి నా ముందు పెట్టింది.

"ఇది బొమ్మా?" అన్నాను.

"పిట్ట కొంచెం, కూత ఘనం. పట్టుకో."

నా పిడికిట్లో అది కనిపించనే లేదు. పిడి చుట్టూ రెండు వేళ్ళు పడితే మూడో వేలికి చోటు లేదు. ట్రిగ్గర్ చుట్టూ కడియం కూడా లేదు. ఆమె ముందున్న ఇరుసు లాగి, తూటాలు పెట్టే చక్రాన్ని ఊడదీసి నా అరచేతిలో వేసింది. అయిదు గదులు.

"అయిదున్నా నువ్వు నాలుగే పెట్టు. వెనకుండే ఈ హేమర్ ఎప్పుడూ ఖాళీ గది మీదే పడుకోవాలి. మా నాన్న పద్ధతి అది, ఆయన తొడకు చిల్లు పడకుండా పోయాడు. దీనికి ఊరికే ట్రిగ్గర్ నొక్కితే పేలదు. ముందు బొటనవేలితో హేమర్ లాగాలి, అప్పుడు నొక్కాలి. మళ్ళీ కావాలంటే మళ్ళీ లాగాలి. అర్థమైందా?"

"అయింది."

"దూరాన నిలబడి బెదిరించేవాడికి ఇది పనికిరాదు. మీద పడ్డవాడికే. వాడి చొక్కా బొత్తాం దారం ఏ రంగో నీకు కనిపించాలి, అంత దగ్గరికొస్తే అప్పుడు తియ్యి."

అదే తీసుకున్నాను.

లైసెన్సు వచ్చేదాకా ఆగి, ఆమె నన్ను బొగ్గు కంపెనీ తవ్వి వదిలేసిన కొండ చదునుకు తీసుకెళ్ళేది. అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలవదు. గుంజకు కాగితం పళ్ళెం కొట్టి, దాని ముందు నన్ను నిలబెట్టి, వెనకనుంచి పాట పాడినట్టు చెప్పేది. "ఎత్తు. లాగు. నొక్కు." మొదటిసారి ఆ పిట్ట నా చేతిలోంచి ఎగిరి పడింది. పళ్ళేనికి చిల్లు లేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న పళ్ళెం అది!

"నీ గురి బ్రహ్మాండం. ఆకాశానికి తగిలింది" అంది బర్నిస్. "భయపడి కళ్ళు మూస్తున్నావ్. చెయ్యి భయపడకూడదు, నువ్వు ఎంత భయపడినా సరే. చేతికి నేర్పు. రేపు నీ బుర్ర పనిచెయ్యని వేళ చెయ్యే చేసుకుపోవాలి."

చేతికి నేర్పాను. ఎత్తు, లాగు, నొక్కు. ఎత్తు, లాగు, నొక్కు.

మోత కంటే నాకు మోత తరవాతే కష్టంగా ఉండేది. మోత కొండకు తగిలి తిరిగొచ్చాక పిట్టలూ పురుగులూ అన్నీ ఒక్కసారి నోరు మూసుకుంటాయి. లోవెల్ పోయిన రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కొట్టం వైపు నుంచి ఒక మోత వినిపించింది. ఉడతను కొట్టాడనుకున్నాను. ఇంకో చొక్కా దులిపి తీగ మీద వేశాను, క్లిప్పు కూడా పెట్టాను. ఆ చొక్కా వాడిదే. కొండ చదును మీద ప్రతి తూటా తరవాతా ఆ చొక్కా నా చేతిలో తడిగా ఉండేది.

"ఏమైంది? ఆగిపోయావేం?" అనేది బర్నిస్.

"ఏం లేదు, మిస్ బర్నిస్."

"ఏం లేకపోతే ఇంకోటి కాల్చు. తరవాత నీ గుల్లలు నువ్వే ఏరుకో. నా కొండ మీద ఇత్తడి వదిలిపెడితే ఒప్పుకోను."

పేలిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరి పాత నశ్యం డబ్బాలో వేసుకునేదాన్ని. ఆ డబ్బా ఇంట్లో నా మేజోళ్ళ సొరుగులో ఉండేది. జూలై నడిమికి బర్నిస్ తుంటి నొప్పి ఎక్కువై కొండెక్కడం మానేసింది. "ఇక నేను నేర్పేదేం లేదు. రోజూ పొద్దున ఒక్కటి గుర్తుపెట్టుకో. పక్కనుంచి చక్రం వెనక సందులోకి చూడు. నాలుగు ఇత్తడి అంచులు మెరవాలి. మెరిస్తే నీ పిట్ట మేత తిన్నట్టే" అంది. రోజూ పొద్దున స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని చూసుకునేదాన్ని. మెరిసేవి.

ఇంట్లోనే అసలు కష్టం. బయట రాయ్స్ కంట పడకుండా దాచడం పెద్ద పనేం కాదు. కన్నతల్లి దగ్గర దాచాలి చూడండి, అదీ పని. మా అమ్మ వెల్మా మనిషిని చేతులతో పలకరించే రకం. గుమ్మంలోకి అడుగు పెడితే చాలు, రెండు చేతులూ చాపుతుంది.

"చెమట కంపమ్మా. స్నానం చేసొస్తా" అని పక్కకు తప్పుకునేదాన్ని.

"ఎవరి ముక్కుకే కంపు? పురిటి రోజు నుంచి నిన్ను కడిగింది నేను."

"వస్తానమ్మా, ఒక్క నిమిషం."

ఆ చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండి, తరవాత ఏప్రానుకు తుడుచుకున్నట్టు కిందికి దిగేవి. నాకు ప్రాణం చివుక్కుమనేది. స్నానం చేసేటప్పుడు దాన్ని గది బయట అలమరాలోని తువ్వాళ్ళ దొంతరలో దూర్చేదాన్ని, పడుకునేటప్పుడు బూటులో. తలుపు గడియ పెట్టని ఇంట్లో గడియలు పెట్టడం మొదలుపెట్టాను. ఒంటరిగా కొండ మీదికి వెళ్ళి, మాట్లాడకుండా తిరిగొచ్చేదాన్ని. ఇవన్నీ అమ్మ ఇంతకు ముందు ఒకసారి చూసిందన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఆమెలో మార్పు మాత్రం చూశాను. నేను అడక్కుండానే నాకిష్టమైనవన్నీ వండేది. పనికి బయల్దేరుతుంటే ఏదో ఒక మాట పెట్టి గుమ్మంలో ఆపేది. బీన్స్ ఈనెలు తీద్దాం రమ్మని వరండాలో కూర్చోబెట్టి, నా చిన్నప్పటి కబుర్లు చెప్పేది. వయసు మీద పడుతోంది, తోడు కావాలేమో అనుకున్నాను.

అలా కూర్చున్న ఒక రోజు బీన్స్ వైపే చూస్తూ అడిగింది. "జెనీవా, నీకు బతుకు మీద విసుగ్గా ఉందా?"

"ఎవరికి లేదు చెప్పు?" అని నవ్వేశాను.

ఆమె నవ్వలేదు. చేతిలో ఉన్న బీన్స్ కాయను విరవడం మరిచిపోయి పట్టుకుని కూర్చుంది.

ఆగస్టు వచ్చింది. మా వైపు ఆగస్టులో జనం కార్లకు తాళాలు వేసేది దొంగల భయంతో కాదు, జుకినీల భయంతో. కీరదోస పొడుగూ ముదురాకుపచ్చ రంగూ బుడ్డ సొరకాయ బుద్ధీ ఉన్న కాయ అది. రెండు మొక్కలు వేస్తే ఊరంతా తిన్నా తరగదు. ఎవరికిచ్చినా వద్దంటారు. అందుకని తాళం వెయ్యని కారు కనిపిస్తే చాలు, వెనక సీట్లో ఒక సంచీ పడేసి మెల్లిగా జారుకోవడం ఇక్కడి ఆచారం. ఈ విద్యలో మా వాగు అవతలి హోబర్ట్ బాబాయిని మించినవాడు లేడు. నలభై ఏళ్ళు గనిలో యంత్రాల పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. పెళ్ళాం పోయింది. లోవెల్ పోయాక అమ్మ ఎవరితోనూ మాట్లాడటం మానేసిన ఆ మొదటి చలికాలంలో, పిలవకుండానే వచ్చి పొయ్యి రాజేసి, ఏమీ అడక్కుండా కూర్చుని వెళ్ళిన మనిషి ఆయనొక్కడే. ఇప్పుడు సాయంత్రాలు వచ్చి ఆమెకు అబద్ధాలు చెప్పి నవ్విస్తుంటాడు.

ఆ శుక్రవారం పని ముగించుకుని ఎండవేళకే ఇంటికొచ్చాను. రెండు చేతులా కిరాణా సంచులు. కారుకు తాళం వెయ్యలేదు. సంచులు వంటింట్లో పెట్టి, మిగిలినవి తెద్దామని తిరిగొచ్చాను. మెట్లు దిగుతూ తలెత్తాను.

నా కారు వెనక తలుపు తెరిచి ఉంది. ఒక మగమనిషి నడుం దాకా లోపలికి దూరి ఉన్నాడు. ఎండ కారు మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. నీలం ప్యాంటు, బురద బూట్లు, అంతే కనిపిస్తోంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"బయటికి రా!" అని అరిచాను. ఆ మనిషి ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ అరిచాను. తీరిగ్గా వెనక్కి జరిగాడు, నడుం ఎత్తాడు, నా వైపు తిరిగాడు. చేతిలో పొడుగ్గా నల్లగా ఏదో ఉంది.

ఎత్తాను. లాగాను. నొక్కాను.

టిక్కుమంది.

బొటనవేలు ఆగలేదు. నేర్చుకున్న పని అది చేసుకుపోతోంది. హేమర్ మళ్ళీ సగం దాకా వచ్చింది, అప్పుడు టోపీ కింద మొహం కనిపించింది. హోబర్ట్ బాబాయి. చేతిలో ఉన్నది జుకినీ.

"దొరికిపోయానే!" అన్నాడు ఆయన, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో. తోటపని చేసేటప్పుడు చెవి మిషను తీసి జేబులో వేసుకుంటాడు. "రెండు సంచులు సీటు కింద తోసేశా పిల్లా. మూడోది పట్టలేదు." ఆయన కళ్ళు నా పిడికిలి మీదికి వచ్చాయి. వేళ్ళ మధ్య ఇనుము కొంచెం మెరుస్తోంది. "ఏంటది, లైటరా? సిగరెట్లు మొదలుపెట్టావా? దాచకులే, వెల్మాకి చెప్పను."

నేను చెయ్యి దించాను.

"ఎండ దెబ్బ తగిలిందా ఏంటి, మొహం అలా పాలిపోయింది? లోపలికి పద. మీ అమ్మ పై రొట్టె కాల్చినట్టుంది, వాగు దాకా వాసనొచ్చింది." మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, వరండాలో ఊగే కుర్చీలో కూర్చున్నాడు.

కారు వెనక చతికిలబడి హేమర్‌ను మెల్లిగా దించాను. ఇరుసు లాగితే చక్రం అరచేతిలో పడింది. వెనకనుంచి చూస్తే నాలుగు ఇత్తడి అంచులు, ఎప్పటిలాగే. తిప్పి ముందునుంచి చూశాను. తూటా లేదు. నాలుగూ పేలిన గుల్లలు. నా నశ్యం డబ్బాలోవే.

ఈ ఇంట్లో అంత ఆలోచించి చెయ్యగల మనిషి ఒక్కరే ఉన్నారు.

పెరటి తలుపులోంచి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ నల్లబెర్రీలు కూరి కాల్చిన పై రొట్టె కోస్తోంది. చక్రాన్ని బల్ల మీద ఆమె ముందు పెట్టాను.

"నువ్వేనా?"

"నేనే" అంది చాకు కింద పెట్టి. "నువ్వు స్నానంలో ఉన్నప్పుడు తువ్వాళ్ళు సర్దుతుంటే దొరికింది."

"నన్నడగాలని అనిపించలేదా? వాడు నిజంగా వచ్చుంటే నేనేమైపోయేదాన్నమ్మా? చేతిలో ఉత్త గుల్లలు పెట్టుకుని..."

ఆమె వినడం లేదు. చక్రాన్ని అరచేతిలో బోర్లించి, గుల్లల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు పెట్టి చూస్తోంది. మూడోదాని దగ్గర ఆగింది. దాన్ని తిప్పింది, మళ్ళీ తిప్పింది.

"దీని అంచు మీద రెండు గుంటలున్నాయి" అంది.

నాకు అర్థం కాలేదు.

"పేలినదానికి హేమర్ దెబ్బ ఒకటే ఉంటుంది. నేను పెట్టేటప్పుడు నాలుగింటికీ ఒక్కొక్కటే ఉంది, చూసే పెట్టా." ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఎప్పుడు నొక్కావే? ఎక్కడ పెట్టుకుని నొక్కావ్? తలకా, గుండెకా?"

అప్పుడు తెలిసింది నాకు, ఈ వేసవంతా మా అమ్మ ఏం చూస్తూ బతికిందో.

"అమ్మా, నా మీద కాదు."

"అబద్ధమాడకు. దగ్గరికి రానివ్వవు. తలుపులు గడియ పెడతావు. ఒక్కదానివే కొండలెక్కుతావు. వాడూ ఇంతే చేశాడు. అచ్చం ఇంతే చేశాడు."

"నా మీద కాదమ్మా, ఒట్టు. రాయ్స్ కోసం కొన్నాను దాన్ని. వెనక సీట్లో ఉంటానన్నాడు. ఇందాక కారులో మనిషిని చూసి..." వరండా వైపు చెయ్యి చూపించాను. "హోబర్ట్ బాబాయి మీద నొక్కాను."

జాలీ తలుపు అవతల కుర్చీ కిర్రుమంటోంది. బాబాయి బూటు అంచుకంటిన మట్టిని పుల్లతో గీకుతూ, తనకు వినబడని కూనిరాగం ఏదో తీస్తున్నాడు. అమ్మ ఆయన వైపు చాలాసేపు చూసింది.

"లోవెల్ పరుపు కింద కూడా తుపాకీ చూశాను" అంది అటే చూస్తూ. "వాడు పోయిన ఏడాది ఏప్రిల్లో, దుప్పట్లు మారుస్తుంటే. మీ నాన్నది. తూటాలున్నాయి, చేతిలోకి తీసుకున్నాను కూడా. మగపిల్లాడు, నాన్న గుర్తుగా పెట్టుకున్నాడేమో, నేను కెలికితే ఏమనుకుంటాడో అని ఎక్కడిదక్కడ పెట్టేశాను. పైన ఉతికిన దుప్పటి పరిచి, మడతలు సర్ది మరీ వచ్చాను."

ఇన్నేళ్ళూ ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఆమె లేచి, కుట్టుమిషను పక్కనుంచి బొత్తాల డబ్బా తెచ్చింది. బొత్తాల మధ్యలోంచి నాలుగు తూటాలూ ఏరి బల్ల మీద నిలబెట్టింది.

"వాడు నిజంగా వస్తాడా?"

"తెలీదమ్మా."

రాయ్స్ ఆ క్షణాన ఎక్కడున్నాడో మా ఇద్దరికీ తెలియదు. హోబర్ట్ బాబాయి ఎక్కడున్నాడో తెలుసు.

"ఉంచుకుంటావా దీన్ని?"

నాకు ఏడుపు ఆగలేదు. "ఇది లేకపోతే వాడంటే భయం. ఇదుంటే నేనంటే భయం. నేనేం చెయ్యనమ్మా?"

అమ్మ చక్రాన్ని తీసుకుని ఒక్కొక్క తూటా నింపింది. ఒక గది వదిలేసింది. ఇరుసు దూర్చి, హేమర్‌ను ఖాళీ గది మీదికి దించింది. ఆమె వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. దాన్ని నా వైపు తోసింది.

"మొహం చూశాకే వేలు" అంది. "ఎండ కళ్ళల్లో పడితే చెయ్యి అడ్డం పెట్టుకుని చూడు. ఆలస్యమైతే అవనీ."

"సరేనమ్మా."

"కళ్ళు తుడుచుకుని ఈ పై ముక్క ఆయనకిచ్చిరా. నేను కాదు, నువ్వే ఇవ్వాలి."

రివాల్వర్‌ను జేబులో వేసుకున్నాను. అంత చిన్నది, ఆ రోజు ప్యాంటును కిందికి లాగేసినట్టు అనిపించింది. పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని, జాలీ తలుపును భుజంతో నెట్టుకుని వరండాలోకి వెళ్ళాను.

"ఇంతసేపా పిల్లా! ఆకలితో ప్రాణం పోయిందనుకో" అన్నాడు హోబర్ట్ బాబాయి.

పళ్ళెం ముందుకు చాపాను.

"ఇదేంటి, రాజుగారికి కానుకిచ్చినట్టు రెండు చేతులతో!" ఆయన నవ్వుతూ పళ్ళెం అంచు పట్టుకుని లాగాడు. నేను వదల్లేదు. "వదులు పిల్లా" అన్నాడు. ఆయన మొహంలోకి చూశాను. గడ్డం మీద తోట మట్టి, పెదవి పక్కన పాత గని మచ్చ, తెల్లటి కనుబొమ్మలు. అన్నీ చూశాను. వేళ్ళు మాత్రం పళ్ళెం వదిలి రాలేదు.